కంపు ఎవరిది?

కన్నడ స్నేహితుల ముందు ‘కంపు’ అనే మాట చూసుకుని వాడాలి. వాళ్ళకది పరిమళం. మన పాత కావ్యాల్లోనూ ఆ మాటకి మంచి అర్థం ఉండేది. ఎప్పుడు జారిపోయిందో గాని, ఇప్పుడు ముక్కు మూసుకోవాల్సిన వాటికే మిగిలింది. ‘వాసన’ కూడా ఆ దారిలోనే ఉంది. "నీ చొక్కా వాసనొస్తోంది" అంటే ఎవడూ థాంక్స్ చెప్పడు. ఒక పాత తోలు బ్యాగుతో మూడు నెలలు కుస్తీ పట్టిన పుణ్యమా అని ఈ మాటల గురించి నేను అవసరానికి మించే ఆలోచించాను.

బ్యాగుని జుమ్మేరాత్ బజార్‌లో కొన్నాను. పురానాపూల్ దగ్గర గురువారం గురువారం జరిగే పాత సామాన్ల సంత. ఆదివారం అబిడ్స్‌కి పుస్తకాల కోసం వెళ్ళే అలవాటున్నవాళ్ళు దీన్ని కూడా ఒకసారి చూడొచ్చు, కాకపోతే వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న గురువారం దొరకాలి. పాతకాలం ప్లీడర్లు, మెడికల్ రెప్పులు పట్టుకు తిరిగే రకం బ్యాగు. ఇత్తడి బకిల్సు రెండు, లోపల మూడు అరలు. 800 చెప్పాడు, 450కి ఇచ్చాడు. తోలు అంచు కోసిన చోట లోపలిదాకా గోధుమరంగే ఉంది. అంటే చెట్టు బెరడుతో ఊనిన తోలు. క్రోమ్ తోలైతే అంచులో నీలం, బూడిద రంగు కనిపిస్తుంది. సంతలో నిలబడి ఇదంతా చూసుకున్నానని గొప్పగా చెప్తున్నాను గాని, మూత తెరవగానే వచ్చిన వాసన అక్కడే తెలిసింది. ముక్కిన బియ్యం, తడి గోనె, మూసేసిన లైబ్రరీ, మూడూ కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. బేరం అంత తొందరగా దిగింది అందుకే.

ఆ టైములోనే అమ్మ శుక్లాల ఆపరేషన్‌కని తెనాలి నుంచి వచ్చి మా ఫ్లాట్లో ఉంది. ఒక కంటికి ప్లాస్టిక్ మూత. ముక్కు మాత్రం దివ్యంగా పనిచేస్తోంది.

"ఏవిట్రా ఆ తోలు కంపు? ఎవడి సంచో ఏవిటో, కొంపలోకి తెచ్చావు. బయట పెట్టు ముందు."

బయట పెట్టాను. నిజానికి మొదట చెయ్యాల్సింది కూడా అదే. బూజు పట్టిన వస్తువుని ఇంట్లో దులిపితే ఆ బీజాలన్నీ మన బీరువాలోకే చేరతాయి. మాస్కు కట్టుకుని, బాల్కనీలో, పొడి బ్రష్షుతో అరలన్నీ విప్పి దులపాలి. తర్వాత నీడలో, గాలి తగిలేచోట రెండు మూడు రోజులు వేలాడదియ్యాలి. ఎర్రటి ఎండలో పడేస్తే తోలులోని నూనె ఇంకిపోయి అప్పడంలా బిరుసెక్కుతుంది. హెయిర్ డ్రయర్ ఆలోచన అసలే వద్దు. క్రోమ్ తోలు మరిగే నీళ్ళని కూడా తట్టుకుంటుంది గాని, బెరడుతో ఊనిన తడి తోలు అంతకంటే చాలా ముందే ముడుచుకుపోతుంది.

తర్వాత ఇంట్లో తలా ఒక వైద్యం చెప్పారు. కలరా ఉండలు వెయ్యమని ఒకరు, కర్పూరమని ఒకరు, కాఫీపొడి మూట కట్టి పెట్టమని ఆఫీసులో ఒకరు. ఇవేవీ వాసనని తియ్యవు, దాని మీద ఇంకో వాసన పులుముతాయి. బగ్ ఉన్న కోడ్ చుట్టూ ట్రై-క్యాచ్ పెట్టి, ఎర్రర్ మింగేసి, ఫిక్స్ అయింది అని టికెట్ మూసేసినట్టు. పైగా కలరా ఉండల వాసన తోలులోకి దిగిందంటే దాన్ని వదిలించడం బూజుని వదిలించడం కంటే కష్టం. నేను చేసినవి ఇవి: తెల్ల వెనిగరూ నీళ్ళూ సమానంగా కలిపి, అందులో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తోలంతా తుడవడం (ముందు ఎవరికీ కనపడని మూల ఒకసారి తుడిచి, రంగు ఊడటంలేదని చూసుకున్నాక). బూజు తెల్లగా కనిపిస్తున్న చోట్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అన్నే నీళ్ళు కలిపి అద్దడం. బేకింగ్ సోడా చల్లమని చాలామంది అంటారు. తోలు స్వభావం ఆమ్లం, సోడా క్షారం, కాబట్టి మీద చల్లకుండా చిన్న గిన్నెలో పోసి అరలో పెట్టడమే క్షేమం. ఆ తర్వాత మూత బాగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో, అక్వేరియం షాపులో దొరికే యాక్టివేటెడ్ కార్బన్ అరకిలో వేసి, దానిమీద ఒక జాలీ పెట్టి, బ్యాగుని రెండు వారాలు బంధించాను. చివర్లో లెదర్ కండిషనర్ పల్చగా ఒక్క పూత. ఎక్కువ రాస్తే ఆ కొవ్వే మళ్ళీ బూజుకి భోజనం.

డబ్బా తెరిచాక బ్యాగు పైభాగానికి ముక్కు ఆనించి పీల్చాను. ఏమీ లేదు. మూత తీసి లోపలికి తల పెట్టాను. తగ్గింది గాని ఉంది. వారం తర్వాత వానపడింది, మళ్ళీ మొదటికొచ్చింది.

ఇక్కడ కాస్త రసాయనం. బూజు వాసన అని మనం ఒకే పేరుతో పిలిచేది ఒకే పదార్థం కాదు. బూజు తింటూ వదిలే ఆవిర్లు. అందులో ఒకటి 1-ఆక్టెన్-3-ఆల్, పుట్టగొడుగులకి ఆ వాసన ఇచ్చేది అదే. ఇంకొకటి జియోస్మిన్. మట్టిలోని బ్యాక్టీరియా, కొన్ని రకాల బూజులూ దీన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళు నీళ్ళలో ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. తొలకరి జల్లు పడ్డాక వచ్చే మట్టి వాసనలో ముఖ్యమైంది ఈ జియోస్మినే. దాని మీద మనం ఎన్ని కవితలు రాసుకున్నామో లెక్కలేదు. కనౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి ఆ వాసనతో అత్తరే తీస్తారు. అదే వాసన బ్యాగులోంచి వస్తే కంపు. ముక్కుకి తెలిసేది పదార్థం మాత్రమే, మంచీ చెడూ మనం పక్కనుంచి అందిస్తున్నాం.

అమ్మ మాటలో నాకు తట్టింది ‘కంపు’ కాదు, దాని ముందున్న ‘తోలు’. వాసన తోలుదేనని ఆవిడకి అనుమానం కూడా లేదు. నెట్‌లో వెతికినా అంతే, అందరూ తోలుకే వైద్యం చెప్తారు.

అసలు తోలు అంటే ఏమిటి? కుళ్ళకుండా ఆపిన చర్మం. ఊనడం అనే పని ఉన్నదే అందుకు. మన ఊళ్ళలో దీనికి లంద ఉండేది, చర్మాలు నానబెట్టే తొట్టి. సున్నపునీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క నలగ్గొట్టి వేసిన నీళ్ళలో వారాల తరబడి ఉంచేవాళ్ళు. ఆ బెరడులోని టానిన్లు చర్మంలోని కొలాజెన్ పోగుల్ని పట్టి కట్టేస్తాయి, ఇక సూక్ష్మజీవులకి దాన్ని తినడం కష్టమవుతుంది. కరక్కాయ కూడా వాడేవాళ్ళు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు మనకి తెలుసు, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. ఆ చెట్టు బెరడు ఎక్కడికి వెళ్ళేదో మాత్రం బతుకమ్మ వ్యాసాల్లో నాకెక్కడా కనపడలేదు. 1903లో మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ క్రోమ్ పద్ధతి మొదలుపెట్టేదాకా ఈ బెరడూ కాయలే ఇక్కడి తోలు పరిశ్రమకి ఆధారం. కంచ ఐలయ్య తన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మాదిగల్ని శాస్త్రవేత్తలని రాసినప్పుడు నా ఫ్రెండ్సు కొందరు అది మరీ ఎక్కువన్నారు. కొలాజెన్ గురించి చదివాక నాకలా అనిపించట్లేదు. లంద చుట్టూ కంపు ఉండేది, నిజమే. కాని అది ఇంకా తోలు కాని పచ్చి చర్మానిది. ఆ కంపుని ఆపే పని చేసినవాళ్ళకే దాన్ని అంటగట్టి, ఊరి చివర పెట్టాం.

ఊనిన తోలు ఎంత మొండిదో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒక ఓడ. 1786 డిసెంబర్లో మెట్టా కాతరీనా అనే ఓడ సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జెనోవాకి వెళ్తూ ఇంగ్లండ్ తీరంలో ప్లిమత్ దగ్గర మునిగిపోయింది. 1973లో డైవర్లకి దొరికింది. అందులో కట్టలు కట్టిన రష్యన్ తోళ్ళు ఉన్నాయి, రైన్‌డీర్‌వి. దాదాపు 190 ఏళ్ళు సముద్రపు బురదలో నానిన ఆ తోళ్ళలో చాలావాటిని పైకి తీసి, కడిగి, నూనె పట్టించి, చెప్పులూ బ్యాగులూ కుట్టి అమ్మారు. ఊనినదాన్ని నీళ్ళు అంత తేలిగ్గా చెడగొట్టలేదు. అలాంటప్పుడు మా ఇంట్లో నాలుగు వానలకే ఏం కుళ్ళింది?

జవాబు మా ఆఫీసు దారిలో బస్టాపు పక్కన కూర్చునే పెద్దాయన చెప్పాడు. బ్యాగు చేతికిస్తే ఆయన వాసన చూడలేదు. వేళ్ళతో లోపలి అరని నొక్కాడు.

"వాసన తోలుది కాదు సార్. లోపల అట్ట నాని కుళ్ళింది. తోలు మంచిగుంది, ఏం గాలె."

ఆరెతో ఒక మూల కుట్టు లేపి లైనింగ్ గుడ్డ లాగాడు. దాని వెనక అరలు నిలబడటానికి పెట్టిన అట్ట. పాత కాగితాల్ని ఒకదానిమీద ఒకటి లైతో అతికించిన అట్ట, సినిమా పోస్టర్లకి వాడే ఆ మైదా లైతోనే. నల్లటి మచ్చలు, ముట్టుకుంటే పొడి. గాలిలో తేమ 65-70 శాతం దాటి కొన్నాళ్ళు అలాగే నిలిస్తే చాలు, పిండి, కాగితం, నూలు బూజుకి పెళ్ళి విందు. నేను మూడు వారాలుగా వైద్యం చేసింది ఆ విందుకి వేసిన పందిరికి అన్నమాట. అట్టా గుడ్డా మొత్తం పీకించి, కొత్త కాన్వాసు వేయించాను. లై వద్దన్నాను. "లై ఎందుకు సార్, కుట్టుతోనే నిలవడ్తది" అన్నాడు. మైనం పట్టించిన దారంతో రెండు రోజుల్లో ఇచ్చాడు. 350 తీసుకున్నాడు. ఆయన పక్కన చెట్టుకి ఒక డప్పు వేలాడుతూ ఉంటుంది, వాళ్ళబ్బాయిదట. వాయించే ముందు గడ్డిమంట మీద ఎందుకు కాస్తారని అడిగాను. "సెమ్మ పోవాలె గద" అన్నాడు, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ఆ అట్ట పోయిన రోజే వాసన పోయింది. ఇప్పుడు బ్యాగులో ఉన్నది సన్నగా, కాస్త వగరుగా, బెరడు లాంటి వాసన. అది తోలుది. దాన్ని తీసే ఉద్దేశం నాకు లేదు.

అమ్మకి మాత్రం పోలేదు. ఒక సోమవారం రాత్రి అన్నం తింటూ "ఇంకా ఆ కంపు కొడుతూనే ఉందిరా" అంది. ఆ రోజు బ్యాగు ఆఫీసులో నా డెస్కు కింద ఉంది. ఆ మాట చెప్పాను. "అయితే గోడలకి పట్టేసుంటుంది" అంది. ఆవిడ ఆ మాట అంటున్నప్పుడు కూర్చున్నది మా హాల్లో సోఫా మీద. ఈఎమ్ఐలో కొన్న అసలు సిసలు తోలు సోఫా. మధ్యాహ్నాలు దానిమీదే నిద్రపోతుంది, ఏ రోజూ దానికి వాసన లేదు. షోరూమ్ నుంచి ప్లాస్టిక్ కవర్లో వచ్చిన తోలుకి జంతువూ ఉండదు, మనిషీ ఉండడు.

ఇది మా అమ్మ ఒక్కదాని ముక్కు కాదు. మా మేనమామ మృదంగం దేవుడి గదిలో ఉంటుంది. దసరాకి దానికి కుంకుమ పెడతారు. దాని రెండు మొహాలూ ఆవు, గేదె, మేక చర్మాలే. టి.ఎమ్. కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ 2020లో వచ్చినప్పుడు, మృదంగాన్ని చేసే ఆ చేతుల గురించి అంత వివరంగా చదివి మావయ్యకి ఇచ్చాను. "బావుంది" అని తిరిగిచ్చాడు. ఎక్కడిదాకా చదివాడో అడగలేదు. జాషువా ‘గబ్బిలం’ (1941) ఇంట్లో అందరికీ తెలుసు, కొన్ని పద్యాలు నోటికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. పేరులోనే గబ్బు వినబడే ఆ జీవి గుళ్ళోకి వెళ్ళగలదు, దానితో సందేశం పంపే అరుంధతీయుడు వెళ్ళలేడు. ఆ పద్యాలు రాగం తీసి పాడినవాళ్ళే బెల్టు విప్పకుండా గుమ్మం దాటితే అరుస్తారు. పద్యం చదివితే ముక్కు మారుతుందని సాహిత్యాన్ని ఇష్టపడేవాళ్ళం అనుకుంటూ ఉంటాం. నా దగ్గరున్న సాక్ష్యం అందుకు సరిపోవట్లేదు.

అమ్మతో వాదించాను, రెండుసార్లు. జియోస్మిన్ గురించి కూడా చెప్పాను. తొలకరి వాసనా ఇదీ ఒకటేనంటే నవ్వింది. "నీ చదువు నువ్వూ" అంది. ఆపరేషన్ అయిన కళ్ళతో నీళ్ళు పెట్టుకోకూడదని డాక్టర్ చెప్పి ఉన్నాడు, కాబట్టి గొంతు పెంచలేదు. ఆవిడ నా బ్యాగుని మళ్ళీ బాల్కనీలోకి పంపే ప్రయత్నమూ మానలేదు. నేను లేనప్పుడు పనమ్మాయితో చెప్పి పెట్టించేది. ఆ అమ్మాయి నేను రాగానే "సార్, మేడమ్ చెప్పింది" అని ముందే చెప్పేసేది.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పోగుచేసి ఒక్కో అరలో రెండేసి వేశాను. అవి పీల్చింది చాలనిపిస్తే ఓవెన్‌లో సన్నని వేడి మీద ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. బ్యాగుని మూసి పెట్టను, మూత సగం తెరిచే ఉంచుతాను. హాల్లో షూ ర్యాక్ పైన, గోడకి గాలి ఆడేలా, ఒక మేకు కొట్టి వేలాడదీశాను. పనమ్మాయి రాని రోజుల్లో అది అక్కడే ఉంటుంది. అమ్మ దాన్ని తియ్యదు, ఎందుకంటే తియ్యాలంటే ముట్టుకోవాలి.