కత్తెర పడిన ఉత్తరం

ఫిలడెల్ఫియా శివార్లలో మేమున్న వీధి చివర రిటైరైన స్కూలు మాస్టారు ఒకాయన ఒంటరిగా ఉండేవారు. ఆ వీధికంతటికీ మాదొక్కటే తెలుగు కుటుంబం. అమ్మ ఆయన్ని చివరింటి తాతగారు అనేది. నేను ఎదురుపడితే సార్ అనేవాణ్ణి. 1976లో నాకు పదేళ్లు. ఒకరోజు బయటి పోస్టు డబ్బాలోంచి తెనాలి అమ్మమ్మ రాసిన ఏరోగ్రామ్ తీసుకుని లోపలికి పరిగెత్తబోతుంటే ఆయన ఆపారు. "ఆ నీలం కాగితం ఒక్కసారి చూడొచ్చా?" అన్నారు. రెండు చేతులా పట్టుకుని, ముద్రలు చూసి, మడతలు చూసి, "ఉత్తరమూ ఇదే, కవరూ ఇదే. మా వాళ్లూ పూర్వం ఇలాగే రాసేవారు. నా దగ్గరున్నాయి, ఆదివారం రా" అన్నారు.

ఆదివారం ఆయన భోజనాల బల్ల మీద దీపం, భూతద్దం, పట్టకారు, ఎదురుగా నల్ల అట్టల ఆల్బమ్. రంగురంగుల స్టాంపులు చూస్తానని వెళ్లిన నాకు ఆయన మొదట తీసి చూపించిన వాటిలో ఒక్క స్టాంపూ లేదు. 1830ల నాటి మడత ఉత్తరాలు. ఒకవైపు చిరునామా, వెనక ఎర్ర లక్క, మూల మీద కలంతో రాసిన ఒక అంకె. ఒకదాని మీద పద్దెనిమిదీ ముప్పావు అని ఉంది.

1845కి ముందు అమెరికాలో ఉత్తరానికి రుసుము దూరాన్ని బట్టీ, కాగితాల లెక్కనా పడేది. ఒక కాగితం ముప్పై మైళ్ల లోపు పోవాలంటే 6 సెంట్లు, నాలుగు వందల మైళ్లు దాటితే 25 సెంట్లు. 150 నుంచి 400 మైళ్ల వరకు 18¾ సెంట్లు. కవరు కూడా ఇంకో కాగితం కింద లెక్కే కాబట్టి, రాసిన కాగితాన్నే మడిచి పంపేవారు. చోటు చాలకపోతే కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరసల మీదుగానే మళ్లీ రాసేవారు. డబ్బు చాలాసార్లు అందుకున్నవాళ్లే కట్టేవారు.

ఆ ముప్పావు సెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, అప్పట్లో అక్కడ స్పానిష్ వెండి నాణేలు చెలామణీలో ఉండేవి. డాలరులో ఎనిమిదో వంతు ఒక రియాల్, అంటే పన్నెండున్నర సెంట్లు. ఒకటిన్నర రియాల్ పద్దెనిమిదీ ముప్పావు. ఇంటికొచ్చి ఈ లెక్క చెబితే అమ్మ పొయ్యి దగ్గర్నుంచే, "మూడణాలు కదరా! పన్నెండున్నర అంటే బేడ" అంది. నాకు అణాలు తెలియవు. ఆ సాయంత్రం అమ్మ నాకు అణా, బేడ, పావలా నేర్పింది. మర్నాడు ఆ లెక్క మాస్టారికి చెబితే ఒక కాగితం మీద రాసుకుని ఆల్బమ్‌లో ఆ ఉత్తరం పక్కనే పెట్టుకున్నారు.

1847 జూలై 1న అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ చెల్లే స్టాంపులు మొదటిసారి అమ్మింది. అయిదు సెంట్లది గోధుమ రంగులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, పది సెంట్లది నలుపులో జార్జి వాషింగ్టన్. అర ఔన్సు ఉత్తరానికి మూడు వందల మైళ్ల దాకా అయిదు, ఆపైన పది. అంచులకు చిల్లులుండవు, పోస్టాఫీసువాళ్లు కత్తెరతో కోసి ఇచ్చేవారు. నాలుగేళ్లకే, 1851లో, అవి చెల్లకుండా పోయాయి. స్టాంపు అంటించి తీరాలన్న నియమం లేని రోజులు కాబట్టి ఆ నాలుగేళ్లలో ఎక్కువ ఉత్తరాలు పాత పద్ధతిలోనే నడిచాయి. అందుకే 1847 స్టాంపు ఉత్తరం మీద ఉన్నది ఉన్నట్టు దొరకడం అంత అపురూపం.

మాస్టారి దగ్గర అలాంటిది ఒక్కటే ఉండేది. లేత నీలి ఛాయ ఉన్న పల్చటి కాగితం మీద ఫ్రాంక్లిన్, ముఖం మీదుగా ఎవరో పోస్ట్‌మాస్టరు కలంతో గీసిన రెండు గీతలు. అసలుదాన్ని ఎలా గుర్తుపట్టాలో నాతో భూతద్దం పట్టించి చూపించారు. ఫ్రాంక్లిన్ చొక్కా కుచ్చు ఎడమ అంచు, కింద 'ఫైవ్' అని ఉన్న మాటలో మొదటి అక్షరం తలకట్టుకు సరిగా రావాలి. అడుగున ముద్రించినవాళ్ల పొడి అక్షరాలు చీమంత కనిపించాలి. 1876లో ఫిలడెల్ఫియాలోనే జరిగిన అమెరికా స్వాతంత్ర్య శతజయంతి ప్రదర్శన కోసం ఆ స్టాంపుల్ని కొత్తగా చెక్కించి వేశారు. వాటిలో ఆ కుచ్చు కాస్త కిందికి, అంకె తలదాకా దిగుతుంది. వెంట్రుకవాసి తేడా. దాన్ని కనిపెట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ మే నెలాఖరున ఊళ్లో ఇంటర్‌ఫిల్ అంతర్జాతీయ స్టాంపుల ప్రదర్శన జరిగితే నాన్న మా ఇద్దర్నీ కార్లో తీసుకెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు మాస్టారు నాకొక కానుక ఇచ్చారు. 1850ల నాటి చిన్న కవరు, మీద మూడు సెంట్ల వాషింగ్టన్, నల్లటి గుండ్రటి ఊరి ముద్ర. ఖరీదైనది కాదు. 1851లో రుసుము మూడు సెంట్లకు దిగాక అలాంటివి కోట్లలో నడిచాయి.

నా ఆల్బమ్‌లో స్టాంపులకు గళ్లున్నాయి, కవర్లకు లేవు. ఆ రాత్రే వంటింట్లో గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి కవరు నానబెట్టాను. స్టాంపు ఊడి వచ్చింది. చిరునామా పాలిపోయింది, కవరు అతుకులు విడిపోయాయి. ఊరి ముద్ర సగం స్టాంపుతో వచ్చేసింది, సగం కవరు మీద ఉండిపోయింది. ఏ ఊరో ఇటు చదివినా తెలియదు, అటు చదివినా తెలియదు.

మాస్టారు కోప్పడలేదు. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత ఒక కథ చెప్పారు. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో, దేశమంతటి స్టాంపులు రాకముందు, అక్కడి పోస్ట్‌మాస్టరు సొంతంగా గుండ్రటి స్టాంపులు వేయించాడు. 1847 నవంబరులో ఆ ఊరి యువకుడొకడు రిచ్‌మండ్‌లో ఉన్న తన దూరపు బంధువుల అమ్మాయికి ప్రేమలేఖ రాశాడు. పెద్దలకు తెలియని ప్రేమ. ఎప్పటిలాగే చదివి కాల్చేయమని చివర రాశాడు. ఆమె కాల్చలేదు. ఇద్దరికీ పెళ్లయింది. 1907లో వాళ్ల కూతురికి ఆ ఉత్తరం దొరికింది, మీద ఆ పోస్ట్‌మాస్టరు స్టాంపుతో సహా. నీలం కాగితం మీద అచ్చయిన ఆ స్టాంపు ప్రపంచంలో అదొక్కటే. బ్లూ బాయ్ అంటారు. ఆ తర్వాత 1981లో పది లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. విమానం తల్లకిందులుగా అచ్చయిన 1918 నాటి స్టాంపు పేరు లోకమంతా చెప్పుకుంటుంది గానీ, అది అచ్చు యంత్రం దగ్గర జరిగిన పొరపాటు. నా వరకు, ఒక ఆడపిల్ల కాల్చకుండా దాచుకున్న కాగితం ముందు అది నిలవదు.

"దాన్నెవరైనా నీళ్లలో వేసి ఉంటే?" అన్నారాయన, అంతే.

నాకు గుండె జారిపోయింది. గిన్నె గురించి కాదు. ఇంట్లో నా చెప్పుల పెట్టెలో పదకొండు ఇండియా స్టాంపులున్నాయి. అమ్మ చదివి డబ్బాలో దాచుకున్న అమ్మమ్మ ఏరోగ్రామ్‌ల మీంచి నేను కత్తిరించినవి. ఏరోగ్రామ్ మీద స్టాంపు అచ్చులోనే ఉంటుంది. దాన్ని కోస్తే వెనకవైపున్న రాతా పోతుంది. అమ్మమ్మ అంగుళం ఖాళీ వదిలేది కాదు. అంచుల వెంబడి, మడతల మీద, జిగురు రాసే పట్టీ దాకా రాసేది.

ఆ రాత్రి ముక్కల్ని వెనక్కి తిప్పి కూడబలుక్కుంటూ చదివాను. 'ళ్ల నొప్పి' అని ఒకదాని మీద, 'మామిడి పూత రా' అని ఇంకోదాని మీద. అమ్మతో చెప్పాను. ఆమె డబ్బా తెచ్చింది. మాస్టారు ఇచ్చిన జిగురు పట్టీలతో ఇద్దరం ఏ ముక్క ఏ ఉత్తరానిదో వెతుకుతూ అతికించాం. ఉత్తరాలు పన్నెండు. ఒక ముక్క నేను అప్పటికే స్కూల్లో ఒకబ్బాయికిచ్చి వేరే స్టాంపు మార్చుకున్నాను. మళ్లీ అడిగితే పారేశానన్నాడు.

ఆ ఉత్తరంలో 'పిల్లాడితో చెప్పు' అని ఉంది. తర్వాత కన్నం. అమ్మమ్మ రెండేళ్ల తర్వాత పోయింది.

ఇప్పుడు నా దగ్గర 1847 ఫ్రాంక్లిన్ ఉత్తరం ఒకటుంది, స్టాంపు లేని మడత ఉత్తరాలు ఇరవై దాకా ఉన్నాయి. ఆల్బమ్ మొదటి పేజీలో మాత్రం ఆ కన్నం పడిన ఏరోగ్రామ్ పెట్టాను. మీ ఇంట్లో అటక మీదో, పాత ట్రంకు పెట్టెలోనో కార్డులూ ఇన్‌లాండ్ లెటర్లూ ఉంటే, పిల్లలు స్టాంపులు కావాలని అడిగితే, కత్తెర ఇవ్వకండి. ఉత్తరం మొత్తంగా వాళ్ల చేతిలో పెట్టండి.