ఏడాది పొడుగునా సర్ది

మూడు వారాలకోసారి నాకు సూది. బ్రిస్టల్‌లో మొదటి రోజు నర్సు ముందుగా అడిగింది, "పల్లీలు పడతాయా మీకు?" అని. సస్టనాన్ అనే ఈ టెస్టోస్టిరాన్ మందును పల్లీ నూనెలో కలిపి బుడ్డిలో నింపుతారు. పల్లీ చట్నీ మీద పెరిగిన సిరోంచ మనిషిని అడగాల్సిన మాటేనా అని నవ్వొచ్చింది. ఇక్కడి చలికి ఆ నూనె చిక్కబడుతుంది. బుడ్డిని కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే గానీ సూదిలోంచి తేలిగ్గా దిగదు.

నాలుగో నెలకు ముట్టు ఆగింది. ఇరవై ఏడేళ్ల వయసులో ముఖం నిండా మొటిమలు. గడ్డం మాత్రం బేరమాడుతూ వచ్చింది, ఐదేళ్లయినా చెంపల మీద ఇంకా ఖాళీలే. అన్నిటికంటే ముందు నన్ను పట్టించింది గొంతు. ఫోన్లో నాయనమ్మ "ఎవలు మాట్లాడేది?" అని ఒకసారి పెట్టేసింది. ఇంకోసారి "సర్దయిందా బిడ్డా?" అంది. అవునన్నాను. ఆ ఏడాదంతా నాకు సర్దే. పాలల్లో మిరియాలు, పసుపు వేసుకుని తాగమని వారం వారం చెప్పేది. తాగాను కూడా.

గొంతు సంగతి సరే, చిన్నప్పుడు నన్ను ఇరకాటంలో పెట్టింది వ్యాకరణం. మా సిరోంచ మహారాష్ట్రలో ఉంది, ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. తెలుగులో "నేను పోత" అంటే చెప్పేది ఆడో మగో తెలియదు. మరాఠీ అలా వదలదు. ఆడపిల్ల "మీ జాతే" అనాలి, మగపిల్లాడు "మీ జాతో" అనాలి. నాలుగో తరగతిలో "జాతో" అన్నందుకు బెంచీ ఎక్కి నిలబడ్డాను. తర్వాత ఉపాయం దొరికింది. "ఆమ్హీ జాతో", అంటే మేం వెళ్తాం. బహువచనంలో ఆడకీ మగకీ ఒకటే మాట. బడి అయిపోయేదాకా ఒక్కణ్నే "మేము" అయి బతికాను. పొగరని పేరొచ్చింది, రానీ. తెలుగు చూపిన దయ కూడా సగమే లెండి. నా సంగతి నేను చెప్పుకుంటేనే ఆ వెసులుబాటు. పక్కింటామె "అది అచ్చిందా?" అంటే ఇక అంతే.

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు ఇంటికెళ్లాను. ఘాట్ మెట్ల మీద ఎవరో అడిగారు, ఈ పిలగాడు ఎవలని. నాయనమ్మ తడి కొంగు పిండుకుంటూ, తలెత్తకుండానే, "నా మన్మడు. సలి దేశంల ఉంటడు, గందుకే గొంతు గట్లయింది" అంది. ఉంటడు అంది. ఉంటది అనలేదు.

నేనుండే బ్రిస్టల్‌లోనే 1939లో మైకేల్ డిలన్ టెస్టోస్టిరాన్ మాత్రలు మొదలుపెట్టాడు. ఈ దారి తొక్కినవాళ్లలో మొదటివాడని ఆయన్నే చెబుతారు. ఆ మందును ల్యాబులో తయారుచేయడం నేర్చుకుని అప్పటికి నాలుగేళ్లే. యుద్ధకాలంలో ఇక్కడో గ్యారేజీలో పనిచేశాడు, తర్వాత డాక్టరయ్యాడు. 1958లో పత్రికలు గుట్టు బయటపెడితే ఇండియా వెళ్లి బౌద్ధ సన్యాసి అయ్యాడు. 1962లో డల్హౌసీలో పోయాడు. ఆయన ఇక్కణ్నుంచి అక్కడికి తప్పించుకున్నాడు, నేను అక్కణ్నుంచి ఇక్కడికి.

ఈమధ్య మా వైపు కుర్రాడొకడు, బడి రిజిస్టర్లో అమ్మాయని రాసినవాడే, వాట్సాప్‌లో అడిగాడు: "అన్నా, గా సూది ఏడ దొరుకుతది?" మా జిల్లా కేంద్రం గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైనే. కాన్పయినా, కాలు విరిగినా మావాళ్లు ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాలకో, గోదావరి వంతెన దాటి వరంగల్‌కో పోతారు, కానీ ఇది ఆ బాపతు వైద్యం కాదు. హైదరాబాద్‌లో 2021లో మిత్ర్ క్లినిక్ తెరిచారు, ట్రాన్స్ మనుషుల కోసమే. యూఎస్‌ఎయిడ్ డబ్బు ఆగిపోవడంతో 2025 మొదట్లో పుణె, కల్యాణ్ క్లినిక్‌లతో పాటు అదీ మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరున మళ్లీ తెరిచారు. అక్కడికే పొమ్మన్నాను. జిమ్ముల్లో చేతులు మారే సీసా కొనొద్దన్నాను. ఈ మందు ఎర్ర కణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది, పరీక్షలు లేకుండా వేసుకోవద్దన్నాను. మధ్యలో మానేసినా మారిన గొంతు మళ్లీ వెనక్కి రాదని కూడా చెప్పాను. దానికి మాత్రం నవ్వే బొమ్మ పంపాడు.

వచ్చే నెల బస్సెక్కుతున్నాడు. ఇంట్లో బ్యాంకు పరీక్షకని చెప్పాడట. నా సర్ది కన్నా అదే నయం.