ఆరో పన్ను

మన పల్లెల్లో పాలపన్ను ఊడడం ఒక చిన్న వేడుక. ఊడిన పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరి, కొత్త పన్ను త్వరగా రావాలని కోరుకోవడం వైరాలో నాకు తెలిసిన ఇళ్ళన్నింటా ఉన్న ఆచారమే. పెంకుటిళ్ళు పోయి డాబాలు వచ్చాక, పేడ దొరకడం కష్టమయ్యాక కూడా, పిల్లలు ఆ పన్నును కాగితంలో చుట్టయినా సరే డాబా మీదికి విసురుతూనే ఉన్నారు. ఊడిన పన్నుకు ఇంత మర్యాద చేసే మనం, ఏ పన్నూ ఊడకుండానే, ఏ సందడీ లేకుండా, నోటి లోపలి చివరన మొలిచే ఒక పన్నును మాత్రం గమనించం. నేను చెప్పదలచుకున్నది ఆ పన్ను గురించి.

పాలపళ్ళు మొత్తం 20. నడిమి నుంచి ఒక్కో పక్కకు లెక్కపెడితే పైన ఐదు, కింద ఐదు. పిల్లలకు ఇంచుమించు ఆరేళ్ళు వచ్చేసరికి ఆ ఐదో పన్ను వెనక, అప్పటిదాకా ఖాళీగా ఉన్న చిగురును చీల్చుకుని ఆరోది బయటికి వస్తుంది. ఇలాంటివి నాలుగు, దవడకు రెండేసి. అవి పాలపళ్ళు కావు. వాటికి ముందు అక్కడ ఏ పన్నూ లేదు, వాటి తరువాత మరో పన్ను రాదు. జీవితమంతా అన్నం నమిలేందుకు వచ్చిన శాశ్వత దంతాలవి. ఏదీ ఊడలేదు గనుక ఏదో మొలిచిందన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాదు. పిల్లవాడు ఎప్పుడైనా 'దవడ నొస్తుంది' అన్నా, అందరూ దాన్ని పాలపళ్ళ ఖాతాలోనే రాసేస్తారు.

ఈ పన్ను పైభాగం నున్నగా ఉండదు. నాలుగైదు చిన్న గుట్టలు, వాటి మధ్య నాగటి చాళ్ళలాంటి ముడతలు, ఆ ముడతలు కలిసే చోట సూది మొన దిగేంత గుంటలు ఉంటాయి. ఆ చాళ్ళలో చాలావాటి అడుగుభాగం బ్రష్షు పోగు కంటే సన్నం. ఎంత శ్రద్ధగా తోమినా పోగు లోపలికి దిగదు, కాని బిస్కెట్టు పిండి, చాక్లెట్టు జిగురు, వాటిని తిని బతికే సూక్ష్మజీవులు సులువుగా దిగుతాయి. అవి చక్కెరను పులియబెట్టి ఆమ్లాన్ని తయారు చేస్తాయనీ, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తుందనీ బెర్లిన్‌లో పని చేసిన డబ్ల్యూ. డి. మిల్లర్ 1890లో తన గ్రంథంలో సవివరంగా రాశాడు. పైగా కొత్తగా మొలిచిన పన్ను మీది ఎనామెల్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. అది చిగురులోంచి తొంగిచూసిన నాటి నుంచి ఎదుటి పన్నును తాకేదాకా ఏడాది పైనే పడుతుంది. ఆ కాలమంతా పక్క పళ్ళ కంటే పల్లంలో ఉండడం వల్ల బ్రష్షు దాని మీదుగా జారిపోతుంది. అంటే ఏ వయసులో పన్ను అతి బలహీనమో, ఆ వయసులోనే దానికి కాపలా అతి తక్కువ.

మా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్ళప్పుడు కింది దవడ కుడిపక్కన నొప్పి మొదలైంది. వాళ్ళ నాయనమ్మ లవంగం పెట్టి, 'పాలపన్నే గదా బిడ్డా, ఊడితే కొత్తది వస్తది' అని ఓదార్చింది. ఆ మాటలో ప్రేమకు లోటు లేదు. తన నలుగురు పిల్లలనూ ఆమె ఆ మాటతోనే పెంచింది. రెండు నెలల తరువాత ముఖం వాచి, ఖమ్మం తీసుకువెళితే, డాక్టరుగారు అద్దం పెట్టి చూసి, 'అమ్మా, ఇది పాలపన్ను కాదు, ఆరో పన్ను. ఇది పోతే మళ్ళీ రాదు' అన్నారు. ఆ వయసులో ఆ పన్ను వేరు ఇంకా పూర్తిగా తయారై ఉండదు. మొలిచాక మరో మూడేళ్ళు పడుతుందట. వేరు కొస తెరిచి ఉన్న పన్నుకు పెద్దవాళ్ళకు చేసినట్టు వైద్యం చేయడం కష్టం. నాలుగైదుసార్లు ఖమ్మం తిప్పి ప్రయత్నించినా చివరికి తీసేయక తప్పలేదు. తీసిన పన్నును కాగితంలో చుట్టి ఇచ్చారు. మా చెల్లెలు దాన్ని చాలాకాలం బీరువాలో దాచింది. కప్పు మీదికి విసరడానికి ఆమెకు చేతులు రాలేదు.

పిప్పిపన్ను మనకు కొత్త కాదు. సుశ్రుత సంహితలో దంతరోగాల వరుసలో 'కృమిదంతకం' అనే పేరుంది. మన ఊళ్ళలో నేలవాకుడు గింజలను నిప్పుల మీద వేసి ఆ పొగను నోటికి పట్టించేవారు, పన్నులోని పురుగు రాలిపోతుందని. నిజానికి పన్నులో అలాంటి పురుగేదీ ఉండదు. అయినా లోపల ఏదో ప్రాణి ఉండి తొలుస్తున్నదన్న ఊహ సత్యానికి మరీ దూరం కాదు. ఆ ప్రాణి కంటికి కనపడనిది, అంతే తేడా. వేపపుల్ల, బొగ్గు, కచ్చిక, ఉప్పు, ఆ పైన బ్రష్షు, పేస్టు అన్నీ పన్ను పైన పని చేసేవే. చాలు అడుగున పని చేసేది వీటిలో ఒక్కటీ లేదు. పేస్టులోని ఫ్లోరైడ్ కూడా పన్ను పక్కభాగాలను కాపాడినంతగా ఈ గుంటలను కాపాడలేదు.

అటువంటప్పుడు ఆ చాలునే మూసేస్తే? ఇది చెరువు కింద బతికిన మాకు సులువుగా అర్థమయ్యే ఆలోచన. నిజాం కాలంలో 1930లో కట్టిన వైరా జలాశయం మా ఊరి ప్రాణం. కట్ట మీద ఎక్కడ బుంగ కనపడినా, ఎక్కడ మట్టి జారినా, వానలు పడకముందే పూడ్చుకోవాలని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. గండి పడ్డాక పోసే మట్టి ఎంతైనా చాలదు. పంటి చాలును పుచ్చకముందే పూడ్చే పూతనే సీలెంట్ అంటున్నారు.

ఈ ఆలోచన వెనక నూరేళ్ళ చరిత్ర ఉంది. అమెరికాలో హయట్ అనే దంతవైద్యుడు 1923లో, ఎలాగూ పుచ్చేదే కదా అని, పుచ్చని పన్నును కూడా కాస్త తొలిచి ముందే వెండిమిశ్రమంతో నింపమన్నాడు. జబ్బు రాకుండా ఉండడానికి గాయం చేయడమన్నమాట. 1955లో రోచెస్టర్‌లో మైకేల్ బ్వొనోకోర్ అసలు చిక్కు విప్పాడు. లోహానికి రంగు గట్టిగా పట్టాలంటే ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో కడగడం పరిశ్రమల్లో ఉన్న పద్ధతి. ఆయన ఆ ఆమ్లాన్నే అరనిమిషంపాటు పన్నుకు పూసి చూశాడు. ఎనామెల్ పైన కంటికి కనపడని గరుకుదనం ఏర్పడి, దాని మీద పూసిన రెసిన్ ఎంతోకాలం ఊడకుండా నిలిచింది. 1967లో ఆయన, క్యూటో కలిసి పంటి చాళ్ళకు పూసే తొలి సీలెంట్ ఫలితాలను ప్రకటించారు. 1971 నాటికి అది అమ్మకానికి వచ్చింది. పన్నును తొలచకుండానే కాపాడే దారి అలా దొరికింది.

పోయిన పన్ను పోగా మా మేనకోడలికి మిగిలిన మూడు ఆరో పళ్ళకు ఈ పూత వేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్ల కుర్చీ ఎక్కగానే 'సూది ఉందా?' అని అడిగింది. లేదన్నారు. మిషనుతో తొలవడమూ లేదు. పన్నును శుభ్రం చేసి, చుట్టూ దూది పెట్టి, నీలిరంగు ఆమ్లపు జెల్లును కొద్ది సెకన్లు ఉంచి కడిగేశారు. ఆరబెట్టాక పన్ను పైభాగం సున్నం కొట్టినట్టు తెల్లగా మారింది. దాని మీద పలుచని రెసిన్ చుక్క వేసి, చాళ్ళలోకి పారనిచ్చి, నీలికాంతి దీపం పెట్టగానే అది గట్టిపడింది. ఒక్కో పన్నుకు కొద్ది నిమిషాలు. డాక్టరుగారు ఒక్క విషయంలోనే పట్టుదల చూపారు: ఉమ్మి తగలకూడదు. ఆరబెట్టిన పన్నుకు ఉమ్మి తడి తగిలితే పూత నిలవదట. ఒక పన్ను చాలులో అప్పటికే గోధుమరంగు గీత కనపడింది. గుంట పడలేదు గనుక దాన్ని కూడా మూసేయవచ్చన్నారు. పైనుంచి తిండి అందకపోతే లోపలి సూక్ష్మజీవులు ఆకలితో నీరసిస్తాయి, పుచ్చు అక్కడే ఆగుతుంది. ఆ మూడు పూతలకైన ఖర్చు, పోయిన ఒక్క పన్ను చుట్టూ మా చెల్లెలు పెట్టిన దానిలో చిన్నపాటి భాగం.

దీన్ని సర్వరోగనివారిణి అనుకోనక్కరలేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2016లో ప్రకటించిన లెక్కల ప్రకారం పిల్లల పుచ్చుపళ్ళలో పదింట తొమ్మిది వెనకపళ్ళలోనే వస్తాయి. సీలెంట్ వాటిని తొలి రెండేళ్ళలో 80 శాతం, నాలుగేళ్ళ వరకు 50 శాతం మేర అడ్డుకుంటుంది. అంటే పూత అరుగుతుంది, కొన్నిచోట్ల ఊడుతుంది. ఆర్నెల్లకో ఏడాదికో చూపించి, అవసరమైతే మళ్ళీ వేయించుకోవాలి. అది పన్ను పైభాగాన్నే కాపాడుతుంది. రెండు పళ్ళ సందులకు, చిగుళ్ళకు బ్రష్షూ పేస్టూ తప్పవు. చక్కెర తగ్గించడం అన్నిటికంటే ముందు. అయితే ఆ దేశంలో కూడా ఆరు నుంచి పదకొండేళ్ళ పిల్లల్లో సుమారు 60 శాతానికి సీలెంట్లు లేవని ఆ లెక్కే చెప్పింది. కాబట్టి ఇది మన ఒక్కరి వెనుకబాటు కాదు.

మన దగ్గర మరో సంగతి ఉంది. తెలుగునాట పన్ను అనగానే ప్రజల మనసులో మెదిలేది ఫ్లోరైడ్. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషులకు వస్తున్న ఈ వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు 1937లోనే వివరించారు. నల్లగొండ పేరు నీటిశుద్ధి పద్ధతికే పేరయింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తీసే 'నల్లగొండ పద్ధతి'ని 1970ల దశకంలో నాగపూర్ పరిశోధకులు రూపొందించారు. ఆ బాధ నిజమైనది, పెద్దది. కాని పన్ను గురించిన మన ఆలోచన అంతా నీటి దగ్గరే ఆగిపోవడం వల్ల, నీరు బాగున్న చోట పిల్లల పళ్ళకు ఏ భయమూ లేదన్న భ్రమ మిగిలింది. వైరా నీళ్ళు తాగిన పిల్ల పన్నూ పుచ్చుతుంది. పుచ్చుకు కావలసింది చక్కెర, చాలు, కొంత కాలం మాత్రమే.

అడవి వైపు వెళ్ళేకొద్దీ ఈ మాట మరింత బరువెక్కుతుంది. వైరా నుంచి ఏన్కూరు, జూలూరుపాడు దాటి కొత్తగూడెం, భద్రాచలం దాకా కోయ, లంబాడా పిల్లలు చదివే వసతి పాఠశాలలు ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లల ఊళ్ళకు బిస్కెట్టు పొట్లం చేరినంత తొందరగా దంతవైద్యుడు చేరలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందాలు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి, వారు చూడవలసిన జబ్బుల జాబితాలో దంతవ్యాధులూ ఉన్నాయి. అయితే పరీక్షలో కనపడేది ఇప్పటికే పడిన గుంట. గుంట పడకముందే పూడ్చాలంటే ఒకటో తరగతిలో, రెండో తరగతిలో ఆరో పన్నును వెతుక్కుంటూ పోవాలి.

దానికి పెద్ద ఆసుపత్రి అక్కరలేదు. 1972లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించిన గ్లాస్ అయానమర్ అనే సిమెంటు ఉంది. దానికి దీపం వద్దు, కరెంటు వద్దు. కొంత తడిని ఓర్చుకుంటుంది, తన నుంచి ఫ్లోరైడ్‌ను మెల్లగా పన్నుకు అందిస్తుంది. వేలితో అదిమి చాళ్ళలోకి దించవచ్చు. సగమే మొలిచి, ఇంకా ఆరబెట్టడానికి వీలులేని పన్నుకు తాత్కాలికంగానైనా కాపు కాస్తుంది. రెసిన్ అంత కాలం నిలవకపోయినా, బడి బల్ల మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టి శిక్షణ పొందినవారు చేయగలిగిన పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఖమ్మంలోనే దంతవైద్య కళాశాల ఉంది, చదువుకుంటున్న పిల్లలున్నారు. బడులున్నాయి, బృందాలున్నాయి. వీటన్నిటినీ ఆరేళ్ళ వయసు దగ్గర ఒకచోట కలపడమే మిగిలింది.

అది జరిగేదాకా మనం ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో ఆరేళ్ళు నిండబోయే పిల్లలుంటే వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరవమనండి. ముందరి పళ్ళ నడిమి నుంచి వెనక్కి లెక్కపెట్టండి, ఊడిన పన్ను చోటును కూడా కలుపుకుని. ఐదు దాటి ఆరోది కనపడితే అది శాశ్వతమైనది. ఏడోది పన్నెండేళ్ళ ప్రాంతంలో వస్తుంది, దాని కథా ఇదే. ఈ లెక్క తెలిస్తే చాలు, దంతవైద్యుణ్ణి పీకించుకోవడానికి కాక, పూత వేయించుకోవడానికి వెళ్ళి అడగవచ్చు.

మా చెల్లెలి అత్తగారు ఇప్పుడు ఈ లెక్కలో ఆరితేరారు. వాడకట్టులో ఏ పిల్లవాడు దవడ పట్టుకుని ఏడ్చినా ముందు దగ్గరికి పిలిచి, 'ఏదీ, నోరు తెరువు బిడ్డా' అని వేలు పెట్టి ఒకటి నుంచి లెక్కపెడుతున్నారు. ఆమెకు సీలెంట్ అన్న పేరు నోరు తిరగదు. 'ఆరోదానికి మైనం పెట్టించుండ్రి' అని తల్లులకు చెప్పి పంపుతున్నారు.