స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సీటీసీ దాకా

కోటగుళ్ళున్న ఘన్‌పూర్ వేరండీ, మాది స్టేషన్ ఘన్‌పూర్! కాజీపేట - సికింద్రాబాద్ రైలు మార్గంలో ఉంటుంది. అమ్మాయికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చిందని, చీటీ డబ్బు జాగ్రత్తగా పట్టుకుని పొద్దుటి రైలెక్కాం. సికింద్రాబాద్‌లో దిగి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాం. అందరూ సీటీసీ అంటారే, అదే! ఎటు చూసినా కంప్యూటర్ దుకాణాలే.

చీర కొనేటప్పుడు అంచొక్కటే చూసి మోసపోం కదా, లాప్‌టాప్ కూడా అంతే. కంప్యూటర్ సైన్స్ చదువుకి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్సెస్‌డీ ఉంటే హాయిగా సరిపోతుంది. మెకానికల్, సివిల్ పిల్లలు త్రీడీ బొమ్మలు గీయాలి గనుక విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మేలు. సాలిడ్‌వర్క్స్ లాంటివి విండోస్ మీదే నడుస్తాయి. యాపిల్ కొనేముందు ఆ సంగతి కాలేజీలో కనుక్కోండి. వారంటీ కాగితం, బిల్లు మరవకండి.

మా అమ్మాయి కళ్ళు గేముల లాప్‌టాప్ మీద పడ్డాయి. ధర విని నా ముఖం చూసింది. "వద్దమ్మా, రోజూ రైల్లో కాజీపేట దాకా గంత బరువు నేను మొయ్యలేను" అంది. బరువంటే సంచీ ఒక్కటే కాదని నాకు అర్థమైంది.

కిలోన్నర బరువున్నది తీసుకున్నాం. మిగిలిన డబ్బు రైలు పాసుకీ, పుస్తకాలకీ దాచాను. మీరూ పిల్లల్ని వెంటబెట్టుకునే వెళ్ళండి!