దయ్యాల సినిమాలో మనుషులు

దయ్యాల సినిమా అంటే మా క్లాసులో అందరికీ ఒకటే లెక్క. తెల్ల చీర, విరబోసుకున్న జుట్టు, కిర్రుమనే తలుపు, చివర్లో ఒక మంత్రగాడు. చూస్తున్నంతసేపూ అరుస్తాం, బయటికొచ్చాక నవ్వుకుంటాం. రాత్రి మాత్రం వంటింట్లోకి మంచినీళ్ళకి కూడా ఒంటరిగా వెళ్ళం. నేనూ అంతే. అయితే పోయిన వేసవి సెలవుల్లో చూసిన ఒక అమెరికా సినిమా నన్ను ఇంకో రకంగా భయపెట్టింది. ఆ మాట మా తెలుగు టీచరుగారితో అంటే, "అది రాయమ్మా" అన్నారు.

ఆ సినిమా పేరు 'టేల్స్ ఫ్రమ్ ద హుడ్'. 1995లో వచ్చింది. తీసింది రస్టీ కండీఫ్ అనే నల్లజాతి దర్శకుడు. హుడ్ అంటే వాళ్ళ భాషలో పేట. మన మాటల్లో 'పేట కథలు' అనుకోవచ్చు. కాలేజీలో చదివే మా పెద్దమ్మ కొడుకు పక్కన కూర్చుని, అర్థం కాని చోట ఆపి చెప్తూ చూపించాడు. ముందే చెప్తున్నాను, ఇది పెద్దవాళ్ళ సినిమా. అమెరికాలో 17 ఏళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళ తోడు లేకుండా హాల్లో చూడకూడదు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ వ్యాసం చదివితే చాలు.

ఒకే సినిమాలో కొన్ని విడి కథలుంటే ఆంథాలజీ అంటారు. మనకిది కొత్తేమీ కాదు. 1947లో మన మద్రాసులోనే మొదలైన చందమామలో బేతాళ కథలు మన తాతయ్యలు, నాన్నలు అందరూ చదివినవే. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే అందులోని బేతాళుడు కథ చెప్పి, చివర్లో ఒక ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. ఈ సినిమాలో సిమ్స్ అనే ముసలాయన ఉంటాడు. చనిపోయినవాళ్ళని అంత్యక్రియలకు సిద్ధం చేసే ఇల్లు నడుపుతుంటాడు. మత్తుమందు కోసం ముగ్గురు కుర్రాళ్ళు రాత్రిపూట ఆయన దగ్గరికి వస్తారు. ఆయన వాళ్ళకి ఒక్కో కథ చెప్తాడు. మొత్తం నాలుగు కథలు.

మొదటి కథలో క్లారెన్స్ అనే నల్లజాతి యువకుడు కొత్తగా పోలీసు ఉద్యోగంలో చేరతాడు. మొదటి రాత్రే, పోలీసుల అవినీతిని బయటపెడుతున్న ఒక నల్లజాతి నాయకుణ్ణి తెల్ల పోలీసులు కొట్టడం చూస్తాడు. తర్వాత వాళ్ళు ఆయన్ని చంపేసి, మత్తుమందు ఆయనదే అన్నట్టు కల్పిస్తారు. క్లారెన్స్ ఉద్యోగం మానేస్తాడు గానీ చూసింది ఎవరికీ చెప్పడు. ఏడాది తర్వాత చనిపోయిన నాయకుడు సమాధిలోంచి లేచి ఆ పోలీసుల పని పడతాడు. ఆ తర్వాత క్లారెన్స్ వైపు తిరిగి, నాకు అవసరమైనప్పుడు నువ్వెక్కడున్నావు అని అడుగుతాడు. అచ్చం బేతాళ ప్రశ్న లాగా అనిపించింది నాకు.

ఇది ఊరికే పుట్టిన కథ కాదని అన్న చెప్పాడు. 1991 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు లాఠీలతో కొడుతుంటే, ఎదురింటి బాల్కనీలోంచి ఒకాయన వీడియో తీశాడు. ప్రపంచమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్‌లో అక్కడి రాష్ట్ర కోర్టులో ఆ నలుగురు పోలీసుల్లో ఎవరికీ శిక్ష పడలేదు. ఊరు తగలబడింది. 50 మందికి పైగా చనిపోయారు. ఇది జరిగిన మూడేళ్ళకి ఈ సినిమా వచ్చింది. కోర్టులో దొరకని న్యాయం దయ్యం చేతిలో దొరికినట్టు తీశారంటే, ఆ జనం ఎంత విసిగిపోయి ఉంటారో అనుకున్నాను.

మూడో కథలో కూ క్లక్స్ క్లాన్‌లో ఉండి వచ్చిన ఒక తెల్ల నాయకుడు గవర్నరు ఎన్నికల్లో నిలబడతాడు. పాత తోట బంగళాలో కాపురం పెడతాడు. బానిసలకు స్వేచ్ఛ ఇవ్వడం ఇష్టం లేక ఒకప్పటి యజమాని వాళ్ళని అక్కడే చంపేశాడు. వాళ్ళ ఆత్మలు చిన్న చిన్న బొమ్మల్లో ఉన్నాయి. అవి లేచి వస్తాయి. ఈ నాయకుడి పేరు డ్యూక్. నిజంగానే క్లాన్ నాయకుడైన డేవిడ్ డ్యూక్ 1991లో లూసియానా గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. అప్పటి ప్రేక్షకులకి ఆ పేరు ఎవరిదో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నాలుగో కథ తెల్లవాళ్ళ మీద కాదు. తన పేటలోని తనవాళ్ళనే కాల్చి చంపే ఒక నల్ల కుర్రాడి మీద. జైలులో పక్క గదిలో ఉన్నవాడు నల్లవాళ్ళంటే పడని తెల్లవాడు. నువ్వూ నేనూ చేసేది ఒకే పని కదా అన్నట్టు వాడు ఈ కుర్రాణ్ణి మెచ్చుకుంటాడు. ఎదుటివాళ్ళ తప్పు చూపించిన దర్శకుడు తనవాళ్ళ తప్పు కూడా చూపించాడు. అది నాకు చాలా నచ్చింది.

రెండో కథని కావాలనే చివరికి ఉంచాను. వాల్టర్ అనే చిన్న పిల్లాడు ఒంటి మీద దెబ్బలతో బడికి వస్తాడు. ఎవరు కొట్టారంటే, రాత్రి రాక్షసుడు వస్తాడంటాడు. ఆ రాక్షసుడి బొమ్మ కూడా గీస్తాడు. క్లాసు టీచరు నవ్వి వదిలెయ్యడు, వాళ్ళింటికి వెళ్తాడు. రాక్షసుడెవరో కాదు, వాళ్ళమ్మతో ఉంటున్న మనిషి. ఈ కథలో నిజంగా జరగనిది ఒక్కటే. పిల్లాడు ఆ బొమ్మ కాగితాన్ని నలిపితే అక్కడ ఆ మనిషి నలిగిపోతాడు. మిగతాదంతా ఏ వీధిలోనైనా జరిగేదే.

మా వీధిలోనూ జరిగింది. తమిళ మీడియంలో చదివే మూడో తరగతి పిల్లాడొకడు సెలవుల్లో తెలుగు చదవడం నేర్చుకుంటానని మా ఇంటికి వచ్చేవాడు. అగ్ని నక్షత్రం ఎండల్లో కూడా నిండు చేతుల చొక్కా వేసుకొచ్చేవాడు. ఒకరోజు పలక అందుకుంటుంటే చెయ్యి పైకి జరిగింది. "ఏంట్రా ఇది?" అన్నాను. "మెట్ల మీద పడ్డానక్కా" అన్నాడు. మెట్ల మీద పడితే బెల్టు వెడల్పున వాతలు పడవు. నాకు వాల్టర్ గుర్తొచ్చాడు. సాయంత్రం అమ్మకి చెప్పాను. పక్క పోర్షన్ పిన్ని, "వాళ్ళింటి గొడవ మనకెందుకొదినా, రేపు మన మీదికే వస్తాడు" అంది. అమ్మ కూడా రెండు రోజులు ఆలోచించింది. తర్వాత ఆ పిల్లాడి అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి కూర్చుంది. ఆవిడ చాలాసేపు ఏడ్చిందట. అమ్మ ఆవిడకి 1098 నంబరు రాసిచ్చింది. పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు అది, రాత్రయినా పగలైనా డబ్బు లేకుండా చెయ్యొచ్చు. బడి తెరిచాక వాడి క్లాసు టీచరుకి కూడా చెప్పారు. ఆ తర్వాతి సంగతులు వాళ్ళింటివి, నేను రాయకూడదు. ఇప్పుడు వాడు అమ్మమ్మ గారింట్లో ఉండి చదువుకుంటున్నాడు. అంతవరకు చెప్పగలను.

అమెరికాలో నల్లవాళ్ళు పడ్డ బాధ, మా వీధి పిల్లాడి బాధ ఒకటే అని నేననను. కానీ రెండు చోట్లా చూసినవాళ్ళు ఉన్నారు, మనకెందుకు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ సినిమాలో నన్ను భయపెట్టింది సమాధిలోంచి లేచినవాడు కాదు, చూసి కూడా నోరు విప్పని క్లారెన్స్.

దయ్యాల సినిమాలతో పిల్లలు పాడవుతారని మన పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళ మాట వాళ్ళది. నేను అడిగేది ఒక్కటే. ఎప్పుడైనా ఒక చిన్న పిల్లాడు "మా ఇంట్లో దయ్యం ఉంది" అంటే నవ్వకండి. పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎలా ఉంటుంది, ఏ వేళకి వస్తుంది అని అడగండి.

– 12వ తరగతి విద్యార్థిని, చెన్నై