తొక్కుడుబిళ్ల

దివ్యాంగ పిల్లల కోసం నడిచే ఆ భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు వచ్చేది వారానికి ఒక్కరోజే. నేను వెళ్లింది ఆ రోజే. రెండు గదులు, ముందు వరండా. లోపల చాపల మీద పిల్లలు, పక్కన తల్లులు. వరండాలో మరో నలుగురు పిల్లలు కూర్చున్నారు. వాళ్లకు ఏ జబ్బూ లేదు, తోడొచ్చారంతే. నేను వచ్చింది వాళ్ల కోసమే.

అందులో ఒకమ్మాయి ఆరో తరగతి. ఏడేళ్ల తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ. వ్యాయామం కాగానే లోపలికెళ్లి వాడి కాలికి స్ప్లింట్ తొడిగింది. సాక్సు ముడత పడకుండా లాగింది. మడమ వెనక్కి ఆనిందో లేదో బొటనవేలితో నొక్కి చూసింది. చీలమండ పట్టీ ముందు, పిక్క పట్టీ తర్వాత. ఒరుసుకుంటుందేమోనని పట్టీ కింద వేలు దూర్చి మరీ చూసుకుంది.

"దీనికి ఏదీ చెప్పక్కర్లేదు సార్, వాణ్ణి నాకంటే బాగా చూసుకుంటుంది" అంది తల్లి మురిపెంగా.

ఆ మాట వింటూనే నేనూ పెరిగాను. మా అన్నయ్యకు మాటలు రావు. నా గురించి అమ్మ ఇరుగుపొరుగుతో అదే అనేది. ఆ మెప్పు పోగొట్టుకోలేక ఒంట్లో జ్వరమున్నా చెప్పేవాణ్ణి కాదు. బుద్ధిమంతుడన్న పేరు వచ్చాక పిల్లవాణ్ణి ఎలా ఉన్నావని అడిగేవాళ్లుండరు.

ఇక్కడి టీచరమ్మ అడుగుతున్నారు. థెరపీ అయ్యాక ఒక గంట తోబుట్టువులకే. వేపచెట్టు కింద ఆటలు, వేరుశనక్కాయలు, కబుర్లు. అమెరికాలోని సియాటిల్‌లో డాన్ మేయర్ 1982లో మొదలుపెట్టిన 'సిబ్‌షాప్' కూడా ఇలాంటిదే: ఆటల మధ్యలో మాటలు.

ఆ కబుర్లలో తొమ్మిదేళ్ల బాబు ఉన్నట్టుండి అడిగాడు. "చెల్లికి ఫిట్స్ వచ్చిన రోజు పొద్దున దాని వీపు మీద కొట్టాను టీచర్. అందుకే వచ్చాయా?"

"కాదు నాన్నా. నువ్వు వీపు మీద వేసిన దెబ్బకు ఫిట్స్ రావు. ఎన్నాళ్ల నుంచి మనసులో పెట్టుకున్నావురా ఇది?"

వాడు మూడు వేళ్లు చూపించాడు. మూడేళ్లు.

నాకు చూపించిన రిజిస్టరులో సదరం వైకల్య శాతం నుంచి తండ్రి వృత్తి దాకా అన్నీ ఉన్నాయి, తోబుట్టువులకు గడి లేదు. ఉండాలి. ఆరో తరగతి అమ్మాయి నన్నడిగింది: "నాకు పెళ్లయితే వీడెక్కడ ఉంటాడు సార్?" 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పద్దెనిమిదేళ్లు దాటిన ఇలాంటివారికి జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ణి నియమించవచ్చు. ఆ సంగతి తల్లికి చెప్పాను. ఆమె అదే మొదటిసారి వినడం. ఆ ఇంట్లో జవాబు ఎప్పుడో ఖాయమైపోయింది, అమ్మాయిని ఎవరూ అడగకుండానే.

బస్సుకు ఇంకా టైముంది. నేల మీద బొగ్గుతో గళ్లు గీశారు. అమ్మాయి బిళ్ల విసిరి, ఒంటికాలి మీద రెండు గళ్లు దాటిందో లేదో, వరండాలోంచి తమ్ముడు అరిచాడు. అలాగే ఆగిపోయింది.

"నేను చూస్తాగా, నువ్వు ఆడుకోమ్మా" అన్నారు టీచరమ్మ.

అమ్మాయి ఒంటికాలి మీదే తమ్ముడి వైపు చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత మూడో గడిలోకి గెంతింది.