ఉత్తమ పురుషుడి తుపాకి

'నేను, మేము' ఉత్తమ పురుష అని మాస్టారు చెప్పిన రోజున మా క్లాసంతా ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నాం. మా అబ్బాయి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని "చచ్చాడు!" అని కేకేసినప్పుడల్లా ఆ పాఠం గుర్తొస్తుంది. వాడు ఆడేది ఫస్ట్ పర్సన్ షూటర్. మన వ్యాకరణంలో చెప్పాలంటే ఉత్తమ పురుష కాల్పుల ఆట. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ కాల్చేవాడు ఉత్తముడెలా అయ్యాడో ఆ మాస్టార్నే అడగాలి.

తమాషా ఏమిటంటే, ఈ ఆట మొదట కాల్పుల కోసం పుట్టలేదు. 1973లో కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పనికి కుదిరిన హైస్కూలు కుర్రాళ్లు స్టీవ్ కాలీ, గ్రెగ్ థాంప్సన్, హోవర్డ్ పామర్. వాళ్ల ముందున్నది ఇమ్లాక్ అనే కంప్యూటర్. తెరమీద ఉత్త గీతలు గీస్తుందంతే. ఆ గీతలతోనే కాలీ ఒక చిక్కుదారుల కోట కట్టాడు. మలుపులన్నీ మూలమట్టం పెట్టినట్టుంటాయి కనుక, ఏ గోడ చాటున ఏ గోడ దాగాలో లెక్కగట్టడం ఆ బుల్లి యంత్రానికీ చేతనయింది. దారి వెతుక్కుని బయటపడటమే ఆట. కొన్నాళ్లకే మొహం మొత్తింది. అప్పుడు రెండు యంత్రాలను తీగతో కలిపి, సందుల్లోకి మనుషుల్ని దింపారు. ఎదురుపడితే కాల్చెయ్యడమే. అదే మేజ్ వార్.

అందులో మలుపు దాటకుండానే అవతలికి తొంగిచూసే వీలుంది. నన్నడిగితే ఆటకు ప్రాణం తుపాకి కాదు, ఆ తొంగిచూపే.

1974లో థాంప్సన్ దాన్ని ఎమ్‌ఐటీకి పట్టుకెళ్లాడు. అక్కడ డేవ్ లెబ్లింగ్ చెయ్యి కలిపాక ఎనిమిది మంది కలిసి ఆడటం మొదలైంది. జెరాక్స్ కంపెనీ కంప్యూటర్ల మీదికి వెళ్లేసరికి ఎదుటివాడు తెరమీద ఒక పెద్ద కనుగుడ్డు! కాళ్లూ చేతులూ లేవు, మనిషంతా కన్నే. అదే 1974లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్పాసిమ్ అనే అంతరిక్ష యుద్ధం కూడా వచ్చింది. ఎవరు ముందన్న తగవు ఉండనే ఉంది. నా ఓటు కన్నుకే.

తెర అడుగున తుపాకి పొడుచుకొచ్చే ఆటలు ఇంటింటికీ పాకింది చాలా తర్వాత, 1992లో వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ, 1993 డిసెంబరులో డూమ్ వచ్చాకే.

ఇదంతా మా అబ్బాయికి చెప్పబోయాను. "ఒక్క నిమిషం నాన్నా, మూల దగ్గర ఎవడో ఉన్నాడు" అంటూ, కుర్చీలో ఒళ్లంతా ఎడమకు వంచి గోడ అవతలికి తొంగిచూశాడు.